మెత్తని పచ్చళ్లకు తగిన యంత్రము: ఒక వస్తుపాఠము

వస్తుపాఠమనగా కంటి యెదుటనున్న యొక వస్తువును తీసికొని, దాని నిర్మాణమును, పనిని, మేలును, కీడును వరుసగా విచారించి తెలిసికొనుట. ఉపాధ్యాయ శిక్షణ కళాశాలలో మాకు నేర్పిన పద్ధతులలో నిది యొకటి. ఈ సంచికకు మేము ఎన్నుకొన్న వస్తువు వంటయింటి మూలనుండు మిక్సీయు, దానికి పెద్దన్న వంటిదగు అధికశక్తి గల బ్లెండరును. ఇదియు నొక చదువేనా యని కొందఱు తల్లిదండ్రులు నవ్వవచ్చును. కాని నెలల తరబడి కూడబెట్టిన ద్రవ్యమును ఒక్క పూటలో దుకాణమువాని చేతిలో పోయుదుము. ఆ సొమ్మునకు తగిన ఫలము దక్కుటయు దక్కకపోవుటయు అట్టపెట్టె మీది అంకెలను చదివి అర్థము చేసికొనుటపై నాధారపడి యున్నది. బడిలో నేర్చిన భౌతికశాస్త్రమును గణితమును ఇంటి సొమ్మును కాపాడవలసిన చోటు ఇదియే.

1. మెత్తదనమనగా నేమి?

మిల్లీమీటరులో వేయవ వంతును మైక్రాను అందురు. మన తలవెండ్రుక మందము సుమారు 70 మైక్రానులు. సుమారు 30 మైక్రానులకు మించిన గట్టి రేణువులను నాలుక యిసుకవలె కనిపెట్టును. చాకొలెట్టు చేయువారు తమ సరకును అంతకంటె సన్నముగ నూరుట యందువలననే. కాబట్టి పచ్చడి మెత్తగా నున్నదని మనము చెప్పునప్పుడు, దానిలోని రేణువులు నాలుకకు విడివిడిగా తెలియనంత చిన్నవైనవని యర్థము.

అయితే రేణువు పరిమాణ మొక్కటే చాలదు; దాని గట్టిదనమును లెక్కింపవలెను. నానిన పప్పు పలుకు కొంచెము పెద్దదైనను నాలుకపై నలిగిపోవును. ఎండుమిరప తొక్క, టొమాటో గింజ, అల్లపు పీచు మాత్రము చిన్నవైనను తగులుచునే యుండును. మెత్తని పచ్చడికి శత్రువులు ఈ మూడే: తొక్క, గింజ, పీచు. యంత్రమును పరీక్షించుటకు కొలబద్దలును ఇవియే.

2. రోటి నుండి బ్లెండరు వరకు

మన పెద్దలు పచ్చడికి రోలును పచ్చడిబండను, పిండికి రుబ్బురోలును పొత్రమును, మసాలాకు సన్నికల్లును వాడిరి. ఇవన్నియు రెండు రాళ్ల నడుమ పదార్థమును నొక్కి రాచి నలిపెడివి. మిక్సీ యట్లు నలుపదు; వేగముగ తిరుగు రేకులతో కొట్టి తునుకలు చేయును. ఈ భేదమును ఎరిగినచో తక్కినదంతయు సులభముగ తెలియును.

జారు అడుగున రేకులు తిరుగునట్టి యంత్రమునకు అమెరికా దేశమున స్టీఫెన్ పొప్లావ్‌స్కీ అనునతడు పేటెంటు పొందెను. అది పాల పానీయములు కలుపుటకు ఏర్పడినది. 1937లో వేరింగు బ్లెండరు అంగడికి వచ్చెను. కాని పానీయములు కలుపు యంత్రము మన పసుపుకొమ్మును, ఎండుకొబ్బరిని, నానిన మినుములను ఓర్చుకొనునా? 1963 ప్రాంతమున బొంబాయిలో ఇంజనీరు సత్యప్రకాశ్ మాథుర్ గారు, తమ భార్య మాధురి గారు వాడుచున్న విదేశపు మిక్సరు చెడిపోగా, మన వంటల బరువునకు నిలుచు మోటారుతో సుమీత్ అను మిక్సీని రూపొందించిరి. తడిపిండికై కోయంబత్తూరునందు రాళ్లు తిరుగు విద్యుద్ గ్రైండరులు వృద్ధిపొంది, భౌగోళిక గుర్తింపును సైతము సంపాదించుకొనినవి.

3. జారులో జరుగు పని

గాజు జారులో పలుచని మజ్జిగ పోసి త్రిప్పి చూడుడు. నడుమ సుడిగుండము ఏర్పడి, పైనున్నది క్రిందికి దిగి, రేకులకు తగిలి, అంచుల వెంట మరల పైకి వచ్చును. ప్రతి పలుకును మాటిమాటికి రేకుల యొద్దకు కొనివచ్చునది ఈ సుడియే. ఇప్పుడు గట్టి వేరుసెనగ ముద్ద నుంచుడు. ఒక నిమిషములో ముద్ద గోడల కంటుకొని, రేకుల చుట్టును గాలి బుడగ నిలుచును. మోటారు మ్రోగుచుండును గాని పని జరుగదు. దీనికి మందు మోటారు బలమును పెంచుట కాదు. ఆపి గరిటెతో దించుటయో, రెండు చెంచాల నీరు చేర్చుటయో, చిన్న జారును వాడుటయో. పెద్ద బ్లెండరులలో మూత నడిమి రంధ్రము గుండ ముద్దను నొక్కుటకు ఒక కఱ్ఱ వంటి సాధనమును ఇత్తురు. అది రేకులకు తగులకుండునట్లు పొడవు కొలిచి చేయబడినది. దానికి బదులు తెడ్డు వాడరాదు.

వేగమెంతయో లెక్కింతము. రేకుల కొనలు 6 సెంటీమీటరుల వ్యాసము గల వృత్తముపై తిరుగుచున్నవనుకొనుడు. నిమిషమునకు 18,000 చుట్లనగా సెకనుకు 300 చుట్లు. ఒక చుట్టు పొడవు సుమారు 18.8 సెంటీమీటరులు, కావున రేకు కొన సెకనుకు 56 మీటరులకు పైగా, అనగా గంటకు సుమారు 200 కిలోమీటరుల వేగమున పోవును. బరువు పడినప్పుడు ఈ వేగము తగ్గును. బలమైన మోటారు గొప్పతనము ఇచ్చటనే యున్నది: ఉత్త జారుతో ఎక్కువ వేగముగ తిరుగుట కాదు, గట్టి ముద్ద అడ్డుపడినను వేగమును కోల్పోకుండుట.

4. వాట్ల లెక్క

అట్టపెట్టెపై నుండు 500, 750, 1500 వాట్లనునవి మోటారు గోడ నుండి తీసికొను శక్తి. రేకులకు చేరు శక్తి కాదు. అందులో కొంత భాగము మోటారులోనే వేడిగా మారిపోవును. కావున వాట్లు ఎక్కువైనంత మాత్రమున పచ్చడి మెత్తబడునని నమ్మరాదు. జారును రేకులును మంచివైనచో 600 వాట్ల యంత్రము, చెడ్డ జారు గల 1000 వాట్ల యంత్రమును మించవచ్చును.

కొన్ని పెట్టెలపై వాట్లకు బదులు హార్సుపవరు లెక్క నుంతురు. ఒక హార్సుపవరు 746 వాట్లు. 3 హార్సుపవరులని వ్రాసినచో 2238 వాట్లు కావలెను. యంత్రము అడుగున నుండు రేకుపై 1400 వాట్లని యున్నచో, పెట్టె మీది యంకె క్షణకాలపు శిఖరబలమే గాని నిలుకడగా చేయు పని కాదు. అడుగు రేకు చదువనిదే కొనవలదు.

మన యిండ్ల విద్యుత్తు 230 వోల్టులు. 750 వాట్ల యంత్రము సుమారు 3.3 ఆంపియరులు తీసికొనును. చిన్న సాకెట్టు, అనగా 6 ఆంపియరులది, చాలును. 1500 వాట్లది 6.5 ఆంపియరులు తీసికొనును. దానికి 16 ఆంపియరుల పెద్ద సాకెట్టు ఉండవలెను. అమెరికానుండి వచ్చు బంధువులు ప్రేమతో తెచ్చు బ్లెండరులు 120 వోల్టులవి. వానిని నేరుగా మన గోడకు తగిలించిన మోటారు కాలిపోవును. వోల్టేజి తగ్గించు ట్రాన్స్‌ఫార్మరు ఆ వాట్లన్నిటిని మోయునది కావలెను. అది బరువైనది, వెల యెక్కువైనది. మన దేశమునకు చేసినదానిని ఇచ్చటనే కొనుట మేలు.

విద్యుత్తు ఖర్చునకు భయపడ నక్కరలేదు. 750 వాట్ల యంత్రము 4 నిమిషములు పనిచేసినచో యూనిట్టులో ఇరువదవ వంతు మాత్రమే వ్యయమగును. ఖర్చంతయు కొనుటలోను మరమ్మతులోను ఉన్నది.

5. ఏ యింటికి ఏది?

దినదినము కొబ్బరి, వేరుసెనగ, అల్లము పచ్చళ్లు కొలదిగా చేసికొను యింటికి 500 మొదలు 750 వాట్ల వరకు గల మిక్సీ చాలును. దానితో 300 లేక 400 మిల్లీలీటరుల పచ్చడి జారు తప్పక యుండవలెను. రేకులు మునుగనంత కొంచెము పదార్థమును పెద్ద జారులో నుంచిన నది గోడలకే చేరును. ఇడ్లీ పిండియే ప్రధానమైన పెద్ద కుటుంబమునకును, విద్యార్థి వసతిగృహమునకును రాతి గ్రైండరు తగినది. అది మెల్లగ తిరుగును గనుక పిండి వేడెక్కదు.

టొమాటో సాసు, జీడిపప్పు గుజ్జు, కూరగాయల చారు లీటరుల కొలది చేయువారికిని, పండ్లులేని ముసలివారు ఇంట నున్నవారికిని 1200 వాట్లకు మించిన బ్లెండరు పనికివచ్చును. నమలలేని తాతకు గోంగూర పచ్చడి పీచు లేకుండ దొరకుట చిన్న విషయము కాదు. ఇంటిల్లిపాది తినుచున్నది తానును తిన్నానను తృప్తి అందులో నున్నది. మ్రింగుటలో కష్టమున్న రోగికి మాత్రము ఎంత చిక్కదనమున పెట్టవలెనో వైద్యుని అడిగి తెలిసికొనవలెను.

మంచి వంకాయ పచ్చడి, దోసకాయ పచ్చడి నోటికి ముక్క తగిలిననే రుచి. అట్టి వానికి రోలే రాజు. కావున యంత్రము కొన్నవారు రోటిని పెరటిలో పారవేయ నక్కరలేదు.

కొనునప్పుడు ఈ ప్రశ్నలు అడుగుడు: ఐ.యస్.ఐ. ముద్ర యున్నదా? ఎన్ని నిమిషములు ఎడతెగక త్రిప్పవచ్చును? మోటారుపై భారము మించినప్పుడు తానే ఆగు మీట యున్నదా? జారు క్రింది కప్లరు, మూత రబ్బరు, రేకులు మన పట్టణములో దొరకునా? విడిభాగములు దొరకని గొప్ప యంత్రము, పలుపు లేని పాడియావు వంటిది. పొరుగువారు కొన్నారని వాయిదాల మీద అప్పు చేసి శక్తికి మించినది కొనుట మంచి గృహస్థుని లక్షణము కాదు.

6. మెత్తగా నగుటకు ఉపాయములు

ఎండుమిరపకాయలను వేడినీటిలో అరగంట నానవేయుడు. అల్లమును పీచునకు అడ్డముగ సన్నని బిళ్లలుగా కోయుడు. టొమాటోలను మరుగునీటిలో ఒక నిమిషముంచి చన్నీటిలో వేసిన తొక్క తానే వీడును. వేరుసెనగలను వేయించి, పొట్టు తీసి, ముందు పొడిగా త్రిప్పి, పిదప నీరు కొంచెము కొంచెముగా పోయుడు. మొదటనే నీరెక్కువైన పలుకులు నీటితో పాటు తేలియాడి రేకులను తప్పించుకొనును. బ్లెండరు గాలిని చేర్చుటచే సాసు రంగు పాలిపోయినట్లు కనబడును. కొంతసేపు సన్నని సెగపై మరిగించిన రంగు తిరిగి వచ్చును.

ఎక్కువసేపు త్రిప్పుటయు మంచిది కాదు. ఒక కిలో సాసులోనికి 500 వాట్ల శక్తి చేరినచో నిమిషమునకు సుమారు 7 డిగ్రీల వేడి పెరుగును. అయిదు నిమిషములలో 35 డిగ్రీలు! చారునకు అది మేలు; కొత్తిమీర పచ్చడికి కీడు, పరిమళము పోవును.

7. జాగ్రత్తలు

పొంగుచున్న పదార్థమును మూసిన జారులో త్రిప్పరాదు. ఆవిరి వ్యాపించి మూతను ఎగురగొట్టి ముఖము కాల్చును. చల్లార్చియే వేయవలెను. వేడిపదార్థమునకు తగినదని చెప్పబడిన బ్లెండరైనను, మూడవ వంతు మాత్రమే నింపి, మూత నడిమి రంధ్రము తెరచి, దానిపై గుడ్డ కప్పి, మెల్లని వేగమున ప్రారంభింపవలెను. రేకులను ముట్టుటకు ముందు ప్లగ్గును గోడనుండి తీయవలెను. మీట నొక్కి యాపుట చాలదు. ప్లగ్గు మూడు కాళ్లదై, ఎర్తు తీగ సరిగా నుండవలెను. తడిచేతులతో తాకరాదు. పిల్లలు పెద్దలు లేని వేళ దీనిని నడుపరాదు.

8. పరీక్షయు అభ్యాసమును

పచ్చడిని రెండు వ్రేళ్ల నడుమ రాచి చూడుడు. చెంచా వీపున పలుచగా పూసి వెలుతురునకు ఎదురుగ పట్టి పలుకులు లెక్కించుడు. టీ వడపోత గుండ నీటితో కడిగి మిగిలిన పిప్పిని చూడుడు. ఈ మూడు పరీక్షలు దుకాణమువాని మాటలకంటె నమ్మదగినవి.

విద్యార్థులు ఈ క్రింది ప్రశ్నలకు ఇంటియొద్ద ఉత్తరములు వ్రాయవలెను.

(1) మీ యింటి మిక్సీ అడుగు రేకు చదివి, అది ఎన్ని ఆంపియరులు తీసికొనునో లెక్కింపుడు.

(2) దినమునకు 6 నిమిషముల వంతున 30 దినములలో ఎన్ని యూనిట్లు ఖర్చగును?

(3) ఒకే కొలత వేరుసెనగలను ఒకసారి ముందే నీరు పోసియు, ఒకసారి పొడిగా త్రిప్పిన పిమ్మట పోసియు చేసి, వడపోతలో మిగిలిన పిప్పిని పోల్చుడు.

(4) మీ యింట పచ్చడి నూరునది ఎవరు? వారమునకు ఎంతసేపు? ఆ కాలమును వారమంతయు వ్రాసి యుంచుడు.

నాలుగవ ప్రశ్నను తేలికగా చూడవలదు. అనేకుల యిండ్లలో ఆ యుత్తరము అమ్మ, లేక అక్క యని వచ్చును. పరీక్షల దినములలో రోటి ముందు గడచు అరగంట, ఆ బాలిక పుస్తకము నుండి తీసినదే. నూరుట ఆడుపిల్లల పని యని ఏ పాఠ్యపుస్తకమునను లేదు. మీట నొక్కుటకు మగపిల్లల వ్రేళ్లును చాలును. మంచి యంత్రము ఇంటికి తేదగిన లాభములలో మెత్తని పచ్చడి యొకటి. మిగిలిన కాలము రెండవది. ఆ రెండవ లాభము ఇంటిలో ఎవరికి చెందవలెనో తల్లిదండ్రులు యోచించి న్యాయముగ పంచవలెనని కోరుచున్నాము.