ఒక స్పీకరు మూగబోయింది! తప్పు ఎక్కడుంది?

ఇంట్లో స్టీరియో సెట్టులో పాట వస్తోంది. ఎడమ స్పీకరు చక్కగా పలుకుతోంది. కుడిది మాత్రం ఉలకదు, పలకదు. "స్పీకరు కాలిపోయింది, కొత్తది కొనాల్సిందే" అని ఎవరో ఒకరు తీర్పు చెప్పేస్తారు. తీరా కొత్తది తెచ్చి తగిలిస్తే అదీ పలకకపోతే? డబ్బు దండగ! నిజానికి జబ్బు స్పీకరులోనే ఉండాలని లేదు. పెట్టె మూత విప్పకుండానే లోపం ఎక్కడుందో మీరు కనిపెట్టవచ్చు. ఎలాగో చూద్దాం.

సంకేతం నడిచే దారి

క్యాసెట్ ప్లేయరు గానీ, సి.డి. ప్లేయరు గానీ పాటను బలహీనమైన విద్యుత్ సంకేతంగా అందిస్తుంది. ఆ సంకేతం తీగ ద్వారా యాంప్లిఫైయరుకు చేరుతుంది. యాంప్లిఫైయరు దానిని బలపరచి స్పీకరుకు పంపుతుంది. స్పీకరులో అయస్కాంత ధ్రువాల నడుమ ఒక తీగచుట్ట ఉంటుంది. విద్యుత్తు ప్రవహించే తీగపై అయస్కాంత క్షేత్రం బలం చూపుతుందని మీరు చదువుకున్నారు కదా! ఆ బలం వల్ల చుట్ట ముందుకూ వెనక్కూ ఊగుతుంది. దానికి అతికించిన కాగితపు శంఖువు గాలిని కంపింపజేస్తుంది. అదే మనం వినే ధ్వని.

స్టీరియోలో ఇలాంటి దారులు రెండుంటాయి. ఎడమకొకటి, కుడికొకటి. రెండు చెవులు ఉండబట్టే శబ్దం ఏ దిక్కు నుండి వస్తోందో మనకు తెలుస్తుంది. దీని ఆధారంగా రెండు మార్గాల ధ్వని విధానానికి అలన్ బ్లమ్‌లైన్ అనే ఇంగ్లీషు ఇంజనీరు 1931లో పేటెంటు కోరాడు.

ఈ రెండు దారులూ ఒకే విధంగా ఉండడమే మనకు వరం. మొక్కకు వెలుతురు అవసరమని చూపడానికి ఒకే రకం కుండీలు రెండు తీసుకుంటాం. ఒకదానిని వెలుతురులో, రెండవదానిని చీకటిలో ఉంచుతాం. నీరు, మట్టి రెండింటికీ సమానమే. ఒక్క అంశాన్నే మారుస్తాం కనుక ఫలితానికి కారణం తెలిసిపోతుంది. ఇక్కడ బాగా పనిచేస్తున్న ఎడమ దారి మన రెండవ కుండీ అన్నమాట.

మూడు పరీక్షలు

ముందుగా బ్యాలెన్స్ నాబు మధ్యలో ఉందో లేదో చూడండి. అది ఒక పక్కకు పూర్తిగా తిరిగి ఉంటే రెండవ పక్క స్పీకరు పలకదు. తీగలు వదులయ్యాయేమో కూడా చూడండి. అయినా కుడి స్పీకరు పలకలేదనుకుందాం. ఇక పరీక్షలు మొదలు. తీగ ముట్టుకునే ముందు ప్రతిసారీ స్విచ్చి కట్టి, ప్లగ్గు పీకండి. ఒక పరీక్ష అయ్యాక తీగలను మళ్ళీ యథాస్థానంలో పెట్టి, అప్పుడే మరొకటి చేయండి.

మొదటి పరీక్ష: యాంప్లిఫైయరు వెనుక కుడి, ఎడమ స్పీకర్ల తీగలను ఒకదాని చోట మరొకటి తగిలించండి. ఇప్పుడూ కుడి స్పీకరే మూగగా ఉంటే లోపం ఆ స్పీకరులో గానీ, దాని తీగలో గానీ ఉన్నట్లు. అలా కాక కుడిది పలికి ఎడమది మూగబోతే? స్పీకర్లు రెండూ నిర్దోషులే! లోపం వాటికంటే ముందే ఉంది.

రెండవ పరీక్ష: ప్లేయరు నుండి వచ్చే ఎరుపు, తెలుపు పిన్నులను యాంప్లిఫైయరు దగ్గర తారుమారు చేయండి. కుడి స్పీకరే ఇంకా మూగగా ఉంటే తప్పు యాంప్లిఫైయరుది. మౌనం ఎడమకు మారితే తప్పు ఆ తీగది, లేదా ప్లేయరుది.

మూడవ పరీక్ష: ఈసారి అవే పిన్నులను ప్లేయరు దగ్గర మార్చండి. మౌనం కుడివైపే ఉంటే తీగ తెగింది. ఎడమకు మారితే ప్లేయరులో లోపం.

చూశారా! "మౌనం కదిలిందా, లేదా?" అన్న ఒక్క ప్రశ్నతో దోషి చిక్కింది. ఒకేసారి రెండు చోట్ల తీగలు మార్చి ఉంటే ఏమీ తేలేది కాదు.

గుయ్‌మనే రొద

కొన్ని సెట్లలో పాట వెనుక గుయ్‌మని ఎడతెగని రొద వినిపిస్తుంది. మన ఇళ్ళలోని ఏకాంతర విద్యుత్తు పౌనఃపున్యం 50 హెర్ట్జ్‌లు. యాంప్లిఫైయరు దీనిని ఏకముఖ విద్యుత్తుగా మార్చుకునేటప్పుడు సెకనుకు 100 అలలు మిగులుతాయి. వాటిని చదును చేయవలసిన కెపాసిటర్లు పాతబడితే ఆ అలలే రొదగా వినిపిస్తాయి.

సెట్టు ఆపి, బయటి నుండి వచ్చే సంకేతపు తీగలన్నీ తీసివేసి, మళ్ళీ వేయండి. రొద అలాగే ఉంటే లోపం యాంప్లిఫైయరు లోపలే, మెకానిక్కుకు చూపించండి. రొద ఆగిపోతే అది బయటి నుండి వస్తున్నట్లు. సంకేతపు తీగ చుట్టూ ఉండే లోహపు అల్లిక తెగినా, ఆ తీగ ట్రాన్స్‌ఫార్మరు పక్కగా పోతున్నా ఇలా జరుగుతుంది. రొద పోతుందని కొందరు ప్లగ్గులోని ఎర్త్ తీగ పీకేస్తారు. అది ప్రాణాపాయం! షాకు నుండి మనల్ని కాపాడేది ఆ తీగే.

రెండూ పలికినా బోసిగా ఉంటే

రెండు స్పీకర్లూ పలుకుతున్నా మద్దెల, ఢోలక్ దరువు తేలిపోయిందా? ఒక స్పీకరుకు ధన, రుణ తీగలు తలకిందులై ఉండవచ్చు. అప్పుడు ఒక శంఖువు గాలిని ముందుకు నెడుతుంటే రెండవది వెనక్కు లాగుతుంది. ధ్వని వేగం సెకనుకు సుమారు 340 మీటర్లు. కనుక 100 హెర్ట్జ్‌ల ధ్వని తరంగదైర్ఘ్యం 3.4 మీటర్లు. స్పీకర్ల మధ్య దూరం అంతకంటే చాలా తక్కువైతే ఈ మంద్ర ధ్వనులు చాలావరకు ఒకదాన్నొకటి రద్దు చేసుకుంటాయి. ఇది వ్యతికరణమే! ఒక్క స్పీకరు తీగలు సరిచేస్తే చాలు, దరువు తిరిగి వస్తుంది.

జాగ్రత్త!

యాంప్లిఫైయరు మూత ఎన్నడూ విప్పవద్దు. ప్లగ్గు పీకిన తరువాత కూడా కెపాసిటర్లలో ఆవేశం నిలిచి ఉంటుంది. స్పీకరు తీగల కొనలు ఒకదానికొకటి తగలనివ్వకండి, యాంప్లిఫైయరు కాలిపోవచ్చు. తిరిగి స్విచ్చి వేసే ముందు వాల్యూము తగ్గించండి.

ఆలోచించి చెప్పండి

1. కుడి స్పీకరు మూగగా ఉంది. మొదటి పరీక్షలో మౌనం ఎడమకు మారింది. రెండవ పరీక్షలో కుడివైపే నిలిచింది. లోపం ఎక్కడ?

2. స్పీకరు తీగలను యాంప్లిఫైయరు నుండి విడదీసి, వాటి కొనలను 1.5 వోల్టుల టార్చిలైటు సెల్లుకు క్షణకాలం తాకించండి. టక్కుమని శబ్దం వస్తే ఏమి తెలుస్తుంది? సెల్లును తిప్పి తాకిస్తే శంఖువు ఎటు కదులుతుంది? ఎందుకు?