రాగి పొట్టు, వేడెక్కే ఇంజిన్

ప్రశ్న: మాది హొసకోట. రాగి కోతల్లో మా లారీ ఇంజిన్ తరచూ వేడెక్కుతోంది. నీళ్లు నిండుగానే ఉన్నాయండి. ఏం చేయాలి?

జవాబు: నీళ్లు నిండుగా ఉన్నా వేడెక్కుతోందంటే ముందు గాలి దారిని అనుమానించాలి. మీ బెంగళూరు చుట్టుపక్కల రాగిని రోడ్డు మీదే పరిచి నూర్చడం మామూలే. అక్కడ లేచే పొట్టును ఫ్యాన్ లాగి రేడియేటర్ రెక్కల్లో ఇరికిస్తుంది. గాలి దూరకపోతే వేడి బయటికి పోదు. ముందు నుంచి నీళ్లు గట్టిగా కొడితే పోదా అంటారేమో. అలా చేస్తే పొట్టు ఇంకా లోపలికి దిగుతుంది, సన్నని రెక్కలు వంగిపోతాయి. ఇంజిన్ ఆపి, పూర్తిగా చల్లారాక, ఫ్యాన్ వైపు నుంచి ముందుకు తక్కువ ఒత్తిడితో గాలి పట్టండి, ఆ తర్వాతే నీళ్లు. పొట్టు పడకుండా రేడియేటర్ ముందు జాలీ కట్టుకోవచ్చు గానీ రోజూ దులపకపోతే అదే అడ్డమవుతుంది. వేడి మీద రేడియేటర్ మూత తీయకండి, ఒళ్లు కాలుతుంది. శుభ్రం చేశాక కూడా టెంపరేచర్ మీటరు ముల్లు ఎరుపులోకి వెళ్తున్నా, కూలెంట్ తగ్గుతున్నా బండి ఆపేసి మెకానిక్‌ను పిలిపించండి.