ఆలోచన వచ్చినందుకే నేను హంతకుణ్నా?

సమస్య: నా వయసు 32. మాది సంగారెడ్డి. పటాన్‌చెరు దగ్గర ఒక బల్క్‌ డ్రగ్‌ కంపెనీలో ఆపరేటర్‌ని. 2025 జూన్‌ 30న పాశమైలారం ఫ్యాక్టరీ పేలుడులో 40 మందికి పైగా చనిపోయారు. ఆ వారంలోనే నైట్‌ షిఫ్ట్‌లో సాల్వెంట్‌ ఎక్కిస్తుంటే ‘ఈ వాల్వు కావాలనే తెరిచి వదిలేస్తే?’ అన్న ఆలోచన వచ్చింది. ఒళ్లు చల్లబడిపోయింది. అప్పటి నుంచి మనశ్శాంతి లేదు. వాల్వు మూసి, బ్యాచ్‌ షీట్‌లో సంతకం పెట్టి, మెట్లు దిగగానే మళ్లీ అనుమానం. వెనక్కెళ్లి చెయ్యి వేసి చూస్తాను. ఇంటికొచ్చాక తర్వాతి షిఫ్ట్‌ వాళ్లకు ఫోన్‌ చేస్తాను. ‘‘బంద్‌ చేసే ఉన్నదన్నా, ఎన్నిసార్లు అడుగుతవ్‌?’’ అని విసుక్కుంటున్నారు. రుద్రారం గణేశ్‌గడ్డ గుడిలో దండం పెట్టుకుంటున్నా అదే ఆలోచన. తప్పయిందని మళ్లీ మొదటి నుంచి మొక్కుతాను. ‘‘నువ్వు చీమకు కూడా హాని చెయ్యవ్‌’’ అంటుంది మా ఆవిడ. కాసేపే ధైర్యం. మనసులో లేకపోతే అలాంటి ఆలోచన ఎందుకొస్తుంది? నాకు పిచ్చి పడుతోందా?
– ఓ పాఠకుడు, సంగారెడ్డి

సలహా: పిచ్చి కాదు. మీరు రాసినవన్నీ ఓసీడీ అనే మానసిక సమస్య లక్షణాల్లాగే ఉన్నాయి. ఖాయం చేయాల్సింది మాత్రం మానసిక వైద్యులే. ‘మహానుభావుడు’ సినిమా చూసి ఓసీడీ అంటే అతిశుభ్రత అనుకునేవాళ్లే ఎక్కువ. పాపభీతి రూపంలోనూ అది వస్తుంది.

‘మీరు అలాంటి పని చేయరు’ అని నేనూ రాయొచ్చు. ఆ మాట రేపటి షిఫ్ట్‌ దాకా కూడా నిలవదు. మీ ఆవిడ మాటకు పట్టిన గతే దానికీ పడుతుంది.

మనసులో లేకపోతే ఎందుకొస్తుందన్నారు. 1978లో రాక్‌మన్‌, డిసిల్వా అనే పరిశోధకులు మామూలు మనుషులను అడిగితే, ఇలాంటి వికారపు ఆలోచనలు తమకూ వస్తాయని ఎక్కువమంది ఒప్పుకున్నారు. వాళ్లు పట్టించుకోరు, ఓసీడీ ఉన్నవాళ్లు తమ మీద తామే విచారణ మొదలుపెడతారు. దాని వెనకున్న, ఆలోచించడం కూడా చేసినంత పాపమే అన్న నమ్మకాన్ని 1996లో షాఫ్రాన్‌, థార్డార్సన్‌, రాక్‌మన్‌ ప్రశ్నావళితో కొలిచి చూపించారు.

ఇటలీ మానసిక వైద్యుడు ఫ్రాంచెస్కో మాంచీని మరో సంగతి పట్టుకున్నారు. అపరాధ భావం రెండు రకాలు. నావల్ల ఒకరికి బాధ కలిగిందన్నది ఒకటి, నేను ధర్మం తప్పానన్నది మరొకటి. ఓసీడీని నడిపేది ఎక్కువగా ఈ రెండోదే అంటారాయన. మీ ఉత్తరం మళ్లీ చదవండి. వాల్వు మూసి ఉందని తెలిసినా మీకు మనశ్శాంతి ఉండటం లేదు. ఎందుకంటే మీరు వెతుకుతున్నది ‘నేను నిర్దోషిని’ అన్న తీర్పు. అది ఏ వాల్వు మీద చెయ్యి వేసినా దొరకదు.

మరి ప్లాంటులో చెకింగ్‌ మానేయాలా? వద్దు. రూల్‌ ప్రకారం చేయాల్సింది పూర్తిగా, ఒక్కసారి చేయండి. సంతకం పెట్టాక వెనక్కి వెళ్లకండి, ఫోన్‌ చేయకండి. అనుమానం గుండెల్లో కొట్టుకుంటూనే ఉంటుంది, ఉండనివ్వండి. 1966లో విక్టర్‌ మేయర్‌ అనే మనస్తత్వవేత్త బాట వేసిన ఓసీడీ చికిత్సకు ప్రాణం ఇదే. దీన్ని నిపుణుల దగ్గర మెట్టుమెట్టుగా నేర్చుకోవాలి. మందులు అవసరమైతే వాటి గుణం తెలియడానికి 8 నుంచి 12 వారాలు పడుతుంది. మధ్యలో ఆపొద్దు. వాల్వు నిజంగా లీకైతే మాత్రం వెంటనే రిపోర్ట్‌ చేయండి, అది డ్యూటీ. అన్నట్టు, ప్లాంటు భద్రత మొత్తం ఒక ఆపరేటర్‌ మనస్సాక్షి మీద నడిచే పరిస్థితి ఉంటే, ఆ తప్పు యాజమాన్యానిది.

దేవుడికి మొక్కడానికీ ఇదే సూత్రం. ఒక్క దండం చాలు, మధ్యలో చెడు ఆలోచన వచ్చినా మళ్లీ మొదలుపెట్టొద్దు. ఇకపై మీరు అడిగినప్పుడల్లా ‘ఏం కాదులే’ అనొద్దని, ‘ఇది జబ్బు అడిగిస్తున్న ప్రశ్న’ అనమని మీ ఆవిడకు చెప్పండి.

భయపడి ఇప్పుడే ఉద్యోగం మానేయొద్దు. మానేసి ఊరెళ్లినా గ్యాస్‌ స్టవ్‌ ఉంటుంది, బావి మోటారు ఉంటుంది, అనుమానం వాటి మీదికి మళ్లుతుంది. ఈఎస్‌ఐ కార్డుంటే సనత్‌నగర్‌ ఈఎస్‌ఐ ఆసుపత్రికి, లేదంటే ఎర్రగడ్డ మానసిక చికిత్సాలయానికి వెళ్లండి. మీ అనుమతి లేకుండా డాక్టరు మీ కంపెనీకి చెప్పడానికి 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం మామూలుగా ఒప్పుకోదు. అంతలోపు మాట్లాడాలనిపిస్తే టెలి మానస్‌ హెల్ప్‌లైన్‌ నంబరు 14416, రాత్రిపూట కూడా పలుకుతుంది. వచ్చే వీక్లీ ఆఫ్‌ రోజునే బయల్దేరండి, మీ ఆవిడను వెంట తీసుకెళ్లండి.