కరుగక సాగిన శిల

స్పెయిను దేశపు దక్షిణమున రోండా పట్టణసమీపమందు సుమారు 300 చదరపు కిలోమీటర్ల మేర పెరిడొటైటు అను బరువైన శిల బయల్పడియున్నది. ఇది భూమి పైపొరలోనిది కాదు. దాని క్రిందనుండు మాంటిల్ అను పొరలోనిది. ఆఫ్రికా యూరపు ఖండములు ఒరసికొని పర్వతములు లేచిన కాలమున పైకి వచ్చి, సుమారు 2 కోట్ల సంవత్సరములక్రిందట నేటి స్థానమునకు చేరెను.

ఇంతటి గట్టిరాయి కరుగకయే యెట్లు సాగెనని విద్యార్థులు అడుగుదురు. అడుగవలసినదే. కంచరి కొట్టగా కొట్టగా రాగిరేకు బిరుసెక్కును. నిప్పులో కాల్చినచో మరల మెత్తబడును. ఏలయన, నలిగిన రేణువులకు మారుగా క్రొత్త రేణువులు పుట్టును. మాంటిల్ శిలలోని ఆలివీను స్ఫటికములకును ఇదియే గతి. అయితే అచ్చట నొక్కుడును వేడిమియు ఒకేసారి పనిచేయును. స్ఫటికములలో పరమాణువుల వరుసలు జారును. పెద్ద రేణువుల అంచులయందు సన్నని రేణువు లేర్పడును. సన్నరేణువుల శిల మఱింత సులభముగ సాగును గనుక, సాగుడంతయు అట్టి యిరుకుపట్టీలలోనికే చేరును. రోండాశిల వాయవ్యపుటంచున అట్టి పట్టీ యున్నది. లోపలికి పోగా, వేడిమిచే రేణువులు తిరిగి పెరిగిన ముతకశిల కనబడును.

అచ్చట కొన్ని రాళ్లలో వజ్రపు ఆకారముగల గ్రాఫైటు దొరకినది. అది ఒకప్పుడు నూరు కిలోమీటర్లకు మించిన లోతున నిజమైన వజ్రమే. శిల పైకి వచ్చుచుండగా ఒత్తిడి తగ్గి గ్రాఫైటుగా మారినది.