బొమ్మ కలలోకి వచ్చిందంటే

శివరాత్రి వెళ్ళిన వారం పది రోజుల్లో నరసరావుపేట చుట్టుపక్కల తల్లుల నోట ఒక మాట తరచుగా వినపడుతుంది. "కోటప్పకొండ తిరునాళ్ళ నుంచి వచ్చిన కాడ్నుంచీ పిల్ల నిద్రలో ఉలిక్కిపడి లేస్తోంది. బొమ్మ కనపడిందంటది." ఆ వెంటనే అడిగేది ఒకటే. కలలో బొమ్మ కనపడితే మంచిదా, చెడ్డదా?

దీనికి జవాబు చెప్పే స్వప్నఫలాల పుస్తకాలున్నాయి, యూట్యూబ్ వీడియోలున్నాయి. ఒకరు శుభమంటారు, ఇంకొకరు కీడంటారు. వాటి జోలికి పోవద్దని నా మనవి. కల పిల్లది. దాని అర్థం కూడా పిల్ల దగ్గరే ఉంటుంది.

ఒక ఆరేళ్ళ పాప సంగతి చెబుతాను. వాళ్ళమ్మ ఉప్పూ మిరపకాయలతో దిష్టి తీసింది, మెళ్ళో తాయెత్తు కట్టించింది. అయినా కల ఆగలేదు. నేను పాపను దగ్గర కూచోబెట్టుకుని "బొమ్మ ఏం చేస్తోందమ్మా?" అని మాత్రం అడిగాను. "వెతుక్కుంటోంది" అంది. ఎవర్ని? "వాళ్ళమ్మని. ప్రభ కాడ తప్పిపోయింది. దాన్ని ఎవరూ చూళ్ళేదు." అప్పుడు తల్లికి గుర్తొచ్చింది. తిరునాళ్ళలో నిలబెట్టే ఆ ఎత్తయిన ప్రభల దగ్గర జనంలో పాప చెయ్యి జారిపోయింది. కాసేపటికి దొరికింది. దొరగ్గానే కంగారులో వీపు మీద ఒకటి వేసింది. ఇంటికొచ్చాక ఆ సంగతి ఎవరూ ఎత్తలేదు. పాప మాత్రం బొమ్మను అడ్డం పెట్టుకుని రోజూ ఎత్తుతూనే ఉంది. తల్లి పాపను ఒళ్ళోకి తీసుకుని "నాకూ చాలా భయమేసింది, నీకోసం ఎంత వెతికానో" అని చెప్పింది. ఆ పాపకు కావలసింది ఆ మాటే.

ఒకే బొమ్మ ఇద్దరు పిల్లలకు ఒకటే కాదు. మాచర్ల దగ్గర దుర్గిలో శిల్పుల ఇళ్ళ పిల్లలు ముఖం సగమే చెక్కిన రాతి బొమ్మల మధ్య ఆడుకుంటూ పెరుగుతారు. కళ్ళు లేని బొమ్మ వాళ్ళ కలలోకొస్తే అది నాన్న పని. అదే బొమ్మ ఫోన్‌లో దెయ్యం సినిమా ముక్క చూసిన గురజాల పిల్లాడి కలలోకొస్తే వాడు పక్క తడిపేసుకుంటాడు. మిరప కోతల రోజుల్లో తెల్లారకముందే అమ్మ చేనుకు వెళ్ళిపోయే ఇంట్లో, "బొమ్మ ఒక్కతే ఉంది" అని పిల్ల చెప్పే కలకు ఏ శాస్త్రం తిరగేయాలి?

వయసు కూడా చూసుకోవాలి. అమెరికాలో డేవిడ్ ఫౌల్క్స్ అనే మనస్తత్వవేత్త పిల్లల్ని నిద్రలో లేపి కలలు అడిగి రాసుకున్నారు. అయిదేళ్ళలోపు పిల్లలు చెప్పేవి ఎక్కువగా కదలని బొమ్మల్లాంటి దృశ్యాలు, జంతువులు. కథలాగా సాగే కల, అందులో తానే ఏదో చేస్తున్నట్టు కనిపించడం ఏడెనిమిదేళ్ళకు గానీ రావడం లేదని ఆయన గమనించారు. అందుకే మూడేళ్ళ పిల్ల "బొమ్మ" అని ఏడిస్తే, తరవాత ఏమైంది, ఇంకెవరున్నారు అని తరచి తరచి అడక్కండి. మన ప్రశ్నలకు తగ్గట్టు పిల్ల కథ అల్లేస్తుంది, ఆ కథకు మనమే భయపడతాం.

ఇక్కడ ఒక మాట గట్టిగా చెప్పాలి. మన ఊళ్ళలో బొమ్మ, కల, జ్వరం ఈ మూడూ కలిస్తే చేతబడి అనే అనుమానం పుట్టుకొస్తుంది. చేతబడి నవల 'తులసిదళం' చదివి వణికిపోయిన తరం ఇప్పుడు తాతలూ అమ్మమ్మలూ అయింది. జ్వరానికి డాక్టరు దగ్గరికి వెళ్ళండి. పిల్ల కలను పట్టుకుని పక్కింటి ముసలమ్మ మీదో, ఆస్తి తగాదా ఉన్న తోడికోడలి మీదో వేలు చూపకండి. ఆ మాట బయటికి పోతే వెనక్కి తీసుకోలేరు. మనుషుల ప్రాణాలు పోయిన సందర్భాలున్నాయి. పైగా తన కల వల్లే ఇంట్లో గొడవైందని పిల్లకు తెలిస్తే, ఇక ఏ భయమూ మీకు చెప్పదు.

అర్ధరాత్రి లేచి ఏడిస్తే ఆరా తీయొద్దు. లైటు వేసి, మంచినీళ్ళు తాగించి, పక్కన పడుకోండి. పీడకల సాధారణంగా తెల్లవారుజాము వైపు వస్తుంది, పిల్లకు గుర్తుంటుంది. పడుకున్న రెండు మూడు గంటల్లోనే కళ్ళు తెరిచి కేకలు పెడుతూ, మిమ్మల్ని కూడా గుర్తుపట్టకపోతే అది వేరు. అది గాఢనిద్రలో వచ్చే జడుపు. పిల్లను కుదిపి లేపకండి, దెబ్బ తగలకుండా చూస్తే తనే సర్దుకుంటుంది, పొద్దున ఏమీ గుర్తుండదు. ఒళ్ళు బిగుసుకుని కాళ్ళూచేతులూ కొట్టుకుంటే మాత్రం డాక్టరుకు చూపించాలి.

కల సంగతి పగలు మాట్లాడండి. బొమ్మ ఏం చేస్తోంది, దానికి ఇప్పుడేం కావాలి? ఈ రెండు ప్రశ్నలు చాలు. తరవాత ఆ కథను ఇంట్లో ఉన్న బొమ్మతో ఆడించి, ముగింపు పిల్లనే చెప్పమనండి. కలలోకి వచ్చిన బొమ్మను సాగర్ కాలువలో పారేయకండి, బెదురు తగ్గడానికి బొమ్మే సాయపడవచ్చు. 2006 లెబనాన్ యుద్ధ సమయంలో ఇజ్రాయెల్‌లో అవీ సదే అనే పరిశోధకుడి బృందం భయపడిపోయిన చిన్నపిల్లల చేతికి ఒక కుక్కపిల్ల బొమ్మనిచ్చి, "ఇది దిగులుగా ఉంది, దీన్ని నువ్వు చూసుకుంటావా?" అని అడిగింది. బొమ్మను బాగా చూసుకున్న పిల్లల్లో బెదురు ఎక్కువగా తగ్గిందని 2008లో ప్రచురించారు. దానికి ఖరీదైన బొమ్మ అక్కర్లేదు. అమ్మ పాత చీర ముక్కలో దూది కూరి కుట్టినా సరిపోతుంది.

బొమ్మను మగపిల్లాడికీ ఇవ్వండి. "పల్నాటి పౌరుషం ఏమైందిరా, బొమ్మకు భయపడతావా" అని నలుగురిలో నవ్వొద్దు. పల్నాటి వీరుడు బాలచంద్రుడు కూడా బొంగరాలాడిన పిల్లాడే. ఆ రాత్రి వాడి పక్కన నాన్న పడుకుంటే ఇంకా మంచిది.

అదే కల వారాల తరబడి వస్తున్నా, మానేసిన పక్కతడపడం మళ్ళీ మొదలైనా, ఫలానా మనిషి పేరెత్తితే బెదిరిపోతున్నా తేలిగ్గా తీసుకోవద్దు. బొమ్మ బట్టలు విప్పి, దానికి ఎవరో ఏదో చేశారని చెబుతుంటే అసలే వద్దు. కోప్పడకుండా వినండి. "నువ్వు చెప్పి మంచి పని చేశావు" అనండి. పదే పదే చెప్పించకండి. ఆ మనిషి దగ్గరికి పిల్లను పంపకండి. 1098కి ఫోన్ చేయండి, అది పిల్లల కోసమే ఉన్న నంబరు. పిల్ల బెదురుతో మీకే నిద్ర పట్టకపోతే మానసిక ఆరోగ్య సాయానికి ఉన్న టెలీ మానస్ నంబరు 14416కు చేసి మాట్లాడవచ్చు.