అగరు

నీకొదేము బోళముతో కలిపి తెచ్చిన అగరును గూర్చి యోహాను 19:39లో చదువుదుము. మేము చాలకాలము అది ఒక పువ్వు అనుకొంటిమి. అది కఱ్ఱ. మన అగరువత్తులకు ఆ పేరే గాని, చౌక వత్తులలో అగరు ఉండదు.

అస్సాములో పెరుగు ఈ చెట్టు కఱ్ఱ ఆరోగ్యముగా నున్నంతకాలము తెల్లగా, తేలికగా ఉండును. దానికి సువాసనయే లేదు. పురుగు తొలిచిన గాయములో బూజు ప్రవేశించినప్పుడు, దాని నడ్డుకొనుటకు చెట్టు ఒక విధమైన జిగురును ఊర్చును. ఏండ్లు గడచినకొలది ఆ భాగము నల్లబడి, బాగుగా జిగురు పట్టినచో నీట మునుగునంత బరువెక్కును. ధూపమునకు, అత్తరునకు వాడునది ఆ నల్లని భాగమే. అస్సామీయులు పూర్వము ఈ చెట్టు బెరడుపై గ్రంథములు వ్రాసిరి.

లోపల అగరు ఉన్నదో లేదో పైకి సులభముగా తెలియదు. అందుచేత ఏమియు లేని చెట్లను సహితము నరికివేసిరి. అడవులలో ఇవి అరుదైపోగా, 1995లో దేశముల మధ్య దీని వ్యాపారమునకు కట్టుబాటు విధింపబడెను. ఇప్పుడు అస్సాము రైతులు పెరళ్లలో నాటి, పురుగు పట్టునా అని కనిపెట్టుచుందురు.