ఆటవస్తువులు: దాచుటకా, ఆడుటకా?

వెలగల వస్తువును జాగ్రత్తగా చూచుకొనుట మన యిండ్లలో పిల్లలకు నేర్పు మొదటి పాఠము. అది మంచి పాఠమే. కాని జాగ్రత్త వేరు, భయము వేరు. ఈ భేదమును క్రికెట్టు సామగ్రి దృష్టాంతముగా తలిదండ్రులకు విన్నవింపదలచితిని.

ఒక సంవత్సరము మన పాఠశాలకు రెండు క్రొత్త బ్యాటులు వచ్చినవి. ఖరీదైనవి గదా యని నేనే వానిని బీరువాలో నుంచి తాళము వేసితిని. పిల్లలు పాత చెక్కబ్యాటుతోనే అభ్యాసము చేసిరి. వేసవి గడచిన పిమ్మట పోటీల దినమున తీసి చూడగా ఒకదాని ముఖమున సన్నని పగులు కనబడెను. రెండవదానిని చేతబట్టిన బాలుడు బంతిని కొట్టుట మాని బ్యాటును కాపాడుటకే యత్నించి, మూడవ బంతికే ఔటయ్యెను. తప్పు బాలునిది కాదు, నాది.

బ్యాటును విల్లో కలపతో చేయుదురు. ఆ కలపలో కొంత తేమ యున్నంతవరకే అది దెబ్బ కోర్చును. మన బళ్లారి సీమ యెండలకు, రేకుల కప్పు క్రింద పడియున్నచో ఎండి పగులును. కనుక పైపొర అంటింపని బ్యాటు ముఖమునకు, అంచులకు, అడుగునకు అవిసెనూనె పలుచగా పూయవలయును. పిడికిని, పిడి అతుకునకును పూయరాదు. పిదప కొయ్యసుత్తితోగాని పాతబంతితోగాని కొన్ని గంటలపాటు మెల్లగా కొట్టవలయును. అట్లు కొట్టగా కలపనారలు బిగిసి, క్రొత్త బంతి తాకిడికి తట్టుకొనును. బ్యాటును గట్టిపరచునది దెబ్బయే యన్నమాట.

బంతి సంగతి మరింత స్పష్టము. టెస్టు ఆటలలో 80 ఓవర్లు ముగిసిన పిమ్మట క్రొత్త బంతి తీసికొనవచ్చును. తోలు అరుగుట ఆటలో భాగమే. మెరుపు గల బంతి గాలిలో వంపు తిరుగును; అరిగిన బంతి స్పిన్ వేయువానికి పట్టు నిచ్చును.

ప్యాడ్లు, గ్లవ్సులు, హెల్మెట్టు దెబ్బ తినుటకే చేయబడినవి. అవి నలుగునని దాచినచో నలుగునది మన బిడ్డ యెముక. బలమైన దెబ్బ తిన్న హెల్మెట్టును మాత్రము మరల వాడక మార్చవలయును.

తెలుగు కుటుంబమున జన్మించి, 1932లో భారతదేశపు మొదటి టెస్టునకు నాయకుడైన సి. కె. నాయుడుగారు 1926లో బొంబాయి జింఖానా మైదానమున, ఇంగ్లండు నుండి వచ్చిన ఎం.సి.సి. జట్టుపై 11 సిక్సర్లతో 153 పరుగులు చేసిరి. మెచ్చి ఆ జట్టువారు వారికి వెండిబ్యాటు బహూకరించిరి. వెండిబ్యాటు అలమారలో నుంచదగినదే. కాని దానిని సంపాదించి పెట్టినది అలమారలో నుంచిన బ్యాటు కాదు.

తలిదండ్రులకు నా మనవి యిది. విరిగిన బ్యాటుతో ఇల్లు చేరిన బిడ్డను “దాని వెల యెంతో తెలియునా?” అని గద్దింపక, “ఏ బంతి నాడుచుండగా విరిగినది?” అని అడుగుడు. ఔటైన కోపముతో నేలకు కొట్టి విరిచినచో తప్పక మందలింపుడు. ఆడగా అరిగినది నష్టము కాదు. నిర్లక్ష్యముచే చెడినదే నష్టము.

ఈ సంవత్సరము నుండి ఆటసామగ్రి బీరువా తాళపుచెవి జట్టు నాయకుని యొద్ద నుండును. తెలుగు పుస్తకముల బీరువాకును ఇక తాళము వేయబోము.